మబ్బుల తాత విద్య

"పన్నెండుంబావుకి మబ్బొస్తుంది, రాసుకో ఇంజినీరమ్మా," అన్నాడు గేటు దగ్గర కాపలా ఉండే తాత, తలగుడ్డ సర్దుకుంటూ.

అప్పటికి పదకొండు కావస్తోంది. కంట్రోల్ రూం కిటికీలోంచి ఆమె ఆకాశం కేసి చూసింది. మచ్చుకైనా మబ్బు లేదు. ఎకరాలకొద్దీ సోలార్ పలకలు ఎండని తాగి యాభై మెగావాట్లు ఇస్తున్నాయి. ఆమె సాఫ్ట్‌వేర్ కూడా సాయంత్రం దాకా ఢోకా లేదనే అంటోంది.

చిక్కంతా అక్కడే. పలకల మీద నీడ పడిందంటే కరెంటు నిమిషంలో సగానికి పడిపోతుంది. ఆ సంగతి గంట ముందే చెబితే గ్రిడ్ వాళ్ళు ఇంకోచోటి నుంచి కరెంటు సిద్ధం చేసుకుంటారు. చెప్పకపోతే చీవాట్లు. సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకుని ఈ నెలలో ఆమె ఇచ్చిన అంచనా మూడుసార్లు తప్పింది. "ఇవాళ కూడా తప్పితే రేపట్నుంచి స్టోర్ రూంలో బోల్టులు ఏరుకో," అని మేనేజరు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

"నీకెలా తెలుసు తాతా?"

"గాలి చెబుతుందమ్మా. చెవి ఒగ్గి వినాలి, అంతే."

తాత విద్య ప్లాంటంతా ఎరిగినదే. రోజూ ఇన్వర్టర్ల గది వెనక్కి వెళ్ళి, పడమటికి తిరిగి, తలగుడ్డకి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతాడు. తిరిగొచ్చి టైము చెబుతాడు. ఇంతవరకూ తప్పింది లేదు.

ఆమె గుండె చిక్కబట్టుకుని, సాఫ్ట్‌వేర్‌ని పక్కనపెట్టి, తాత మాటే గ్రిడ్‌కి పంపింది.

పన్నెండూ పది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. "బోల్టులు నీకోసం ఎదురుచూస్తున్నాయమ్మా," అన్నాడు మేనేజరు, వెనకే నిలబడి.

పన్నెండుంబావు. కిటికీ మసకబారింది. తెర మీద యాభై కాస్తా ఇరవై రెండుకి జారింది. మేనేజరు నోరు వెళ్ళబెట్టాడు. ఉద్యోగం నిలబడ్డ సంతోషంలో ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"తాతా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ విద్య నాకూ నేర్పు!"

"అబ్బో, ముప్ఫయ్యేళ్ళ సాధనమ్మా అది! నీవల్ల కాదు. ఎన్ని కోపాలైనా ఓర్చుకోవాలి, ఎదురు మాట్లాడకుండా వినాలి."

ఆమె ఊరుకుంటుందా? మర్నాడు పిల్లిలా తాత వెనకాలే వెళ్ళి గోడ మూల నక్కింది. తాత కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి తలగుడ్డకి ఆనింది. "ఊఁ... ఊఁ... అలాగే, అలాగే," అని గొణిగాడు. ఆమె చెవి ఒగ్గి వింది.

తలగుడ్డలో దోపిన ఫోన్లోంచి ఆడగొంతు ఖంగుమంది.

"ఏవండోయ్, మబ్బు ఇప్పుడే పడమటూళ్ళో మా ప్లాంటు దాటింది!"