ఆవిరి నీళ్లు

కదిరిలో ఇంటింటికీ మూడు కొళాయిలు వచ్చి చాలా ఏళ్లయింది. ఒకటి తాగే నీళ్లది. ఒకటి లవణాలు తీసేసిన నీళ్లది, యంత్రాలు కడగడానికి. మూడోది ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లది. ఓబులమ్మ అత్త గంగులమ్మకు ప్రాణవాయువు అందించే యంత్రంలో ఆ మూడోదే పోయాలి. నీళ్లు లేకుంటే గాలి పొడిబారి ముక్కులోంచి నెత్తురొస్తుంది. ఆ ఉదయం ఆ కొళాయిలో నీళ్లు రాలేదు.

"రెండోది పొయ్యి అక్కా, దాంట్లో గూడా ఉప్పుండదు గదా," అంది పక్కింటి లింగమ్మ.

"ఉప్పు పోతాది గానీ క్రిములు పోవు. ఆ గాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాది లింగమ్మా."

ఓబులమ్మ ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగించి, మధ్యలో ఎత్తుపీట మీద గిన్నె పెట్టింది. మూత తిరగేసి, దాని మీద ఐసుముక్కలు పోసింది. మూత అడుగున పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా గిన్నెలోకి జారింది. గంటకు అరగ్లాసు నీళ్లు చేరాయి. వాటిని చల్లార్చి యంత్రంలో పోసింది.

గంగులమ్మ రెండుసార్లు గాలి పీల్చి కళ్లు తెరిచింది.

"ఇడ్లీల వాసనొస్తాంది. చేసినావా?"

"లేదత్తా."

"అయితే చెయ్యి. ఆకలైతాంది."

ఏడాదిగా ఆమె నోట ఆ మాట వినలేదు. ఇడ్లీలు రేపటికి గానీ కావని తెలిసినా ఓబులమ్మ గబగబా పప్పు నానబోసింది.