అంచుల్లో చీకటి

"జూమ్ చివరిదాకా నెట్టేరా, మాస్టారూ?"

"నెట్టాను కామేష్. నెట్టకపోతే ఫోటో చుట్టూ నల్లటి గుండ్రం పడుతుందని నాకు తెలియదా? పన్నెండేళ్ల నుంచి వాడుతున్నాను."

కామేష్ నవ్వాడు. ఖిదిర్‌పూర్‌లో పుట్టి పెరిగిన వాడు. చిన్నప్పుడు జయదేవ్ మాస్టారి దగ్గరే తెలుగు అక్షరాలు దిద్దాడు. ఇప్పుడు భవానీపూర్‌లో కెమెరాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఇందాక గడప తట్టుకుని తూలిన మాస్టారిని తనే పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు.

"టీ తెప్పిస్తానన్నావు?"

"మీ పక్కనే ఉంది, మాస్టారూ. సల్లారిపోతంది."

బల్ల మీద ఉన్నది చిన్న జూమ్ కెమెరా. దాని ముందు ఓ ట్యూబు, ట్యూబుకి బిగించిన కన్వర్టర్ లెన్స్. దూరాన ఉన్నవి దగ్గరగా పడాలని భార్య వేదవతి కొనిపెట్టింది. ఆదివారాలు ఇద్దరూ బడ్జ్ బడ్జ్ రేవుకి వెళ్ళేవారు. ఆయన పడవలకి గురిపెడుతుంటే ఆవిడ పల్లీలు ఒలిచి చేతిలో పెట్టేది. ఒక్కోసారి ఆవిడనీ దూరంగా నిలబెట్టి తీసేవాడు.

"మీ ఫోటోల్లో నేనెప్పుడూ సగమే," అనేది ఆవిడ.

"లెన్స్ మింగేస్తోంది, వేదా."

"అయితే దాన్ని తిట్టండి." నవ్వుతూనే ఆయన మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేది.

"ఎల్లుండి వేద సంవత్సరీకం," అన్నాడు జయదేవ్. "అస్థికలు కలిపిన చోటు ఈ లెన్స్‌తోనే తీయాలి. ఒడ్డుకి దూరం కదా. ఒక్క ఫోటో చాలు. నిండుగా రావాలి."

"ఫోన్ కొనుక్కోండి, మాస్టారూ. ఇక్కడి బెంగాలీ దాదాలందరూ దాంతోనే తీస్తన్నారు."

"మరి నీ కొట్టు మూసేస్తావా?"

"మీరొకరున్నారు కదండీ!"

కామేష్ కెమెరాని స్టాండుకి బిగించి, ఎదురుగా ఉన్న మిఠాయి కొట్టు వైపు తిప్పాడు. "వ్యూఫైండర్‌లోంచి సూడండి. ఏటి కనబడతంది?"

జయదేవ్ వంగి కన్ను ఆనించాడు. "మధ్యలో కొట్టాయన మొహం. శుభ్రంగా ఉంది. చుట్టూ చీకటి."

"లెన్స్ అంచు అడ్డొస్తందేమో. కదలకండి."

కామేష్ కెమెరా ముందుకెళ్ళి ఏదో తిప్పాడు. "ఇప్పుడు?"

"అంతే."

మరి కాసేపు తిప్పాడు. "ఇప్పుడో?"

"అదే చీకటి. బోర్డుకి రెండు చివర్లూ లేవు." జయదేవ్ కన్ను తియ్యకుండానే అడిగాడు. "పాడైపోయిందా కామేష్? దాచకుండా చెప్పు. అది ఆవిడ కొన్నది."

బయట బస్సు కండక్టరు అరుస్తున్నాడు. జయదేవ్ తలెత్తి చూశాడు.

స్టాండు మీద ఉత్త కెమెరాయే ఉంది. ఎప్పుడో విప్పేసిన లెన్స్, ట్యూబుతో సహా, కామేష్ చేతిలో ఉంది.