దారికి అడ్డం

"ఏయ్, ఆడనే ఆగు."

కనకలక్ష్మి ఆగింది. ఎర్రగుడ్డ పట్టుకుని ఒకతను నడిరోడ్డు మీద అడ్డంగా నిలబడి ఉన్నాడు.

మాదాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసుల కోసం బండలు పేలుస్తున్న రోజులవి. ఆమె బడికి వెళ్ళేది ఆ దారినే. సాంఘిక శాస్త్రం చెబుతుంది.

"ఏయ్ ఏమిటి? ఆడవాళ్ళతో మాట్లాడే తీరు ఇదేనా?"

"బండ పేలుతది. ఎనకకు జరుగు."

"ఇది అందరి రోడ్డు. ఆపే హక్కు నీకెవరిచ్చారు?"

"హక్కు గిక్కు తర్వాత అడుగుదువు గాని, ముందుగాల జరుగక్కా."

ఆమె కదలలేదు. అతను ఆమె చేతిసంచి పట్టుకుని వెనక్కి లాగాడు.

అవతల ధన్‌మని పేలింది. దుమ్ము లేచింది.

"ఇగ పో," అన్నాడతను పక్కకు తప్పుకుని.

క్షమించమని ఒక్క మాట లేదు.

బడిలో తోటి టీచర్లంతా ఆమెదే న్యాయమన్నారు. సాయంత్రం ఆమె నేరుగా పని జరిగే చోటి రేకుల షెడ్డుకు వెళ్ళింది.

సూపర్‌వైజర్ శ్రీనివాసులు కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"రోడ్డు మీద నిలబడే మీ మనిషికి మర్యాద తెలియదు."

"ఎల్లయ్యాండీ? ఆయన..."

"వెనకేసుకు రాకండి. నా ఒక్కదాని కోసం అడగడం లేదు. ఇది పద్ధతికి సంబంధించిన విషయం."

"అది కాదండీ, అసలు..."

"రేపు అతను మళ్ళీ అక్కడ కనిపిస్తే పోలీస్ స్టేషన్‌కు వెళ్తాను."

శ్రీనివాసులు కుర్చీని మళ్ళీ గోడ పక్కకు జరిపాడు.

"కనిపించడు లెండి."

మర్నాడు రోడ్డు ఖాళీగా ఉంది. ఆమె తలెత్తుకుని నడిచింది.

సగం దారిలో నేల అదిరింది. పిడికెడంత రాయి ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

బడికి పోకుండా నేరుగా షెడ్డుకు వెళ్ళింది.

"జనం నడిచే దారిలో ఒక్క మనిషినైనా కాపలా పెట్టరా? మీకు మానవత్వం లేదా?"

"మీరే వద్దన్నారు కదండీ."

"అతన్ని వద్దన్నాను. ఇంకొకరిని పెట్టండి."

"ఆ పనికి మేమెవర్నీ పెట్టుకోలేదండి."

"పోనీ, అతన్నే పిలవండి."

"పోలీసులనగానే భయపడి నిన్ననే ఊరికి వెళ్ళిపోయాడండి."

ఆమె గుమ్మం వైపు తిరిగింది. శ్రీనివాసులు చూపు దించుకుని నెమ్మదిగా చెప్పాడు.

"పోయినేడు ఆ దారిలోనే రాయి తగిలి ఆయన భార్య పోయింది. అప్పట్నుంచి ఎవరూ చెప్పకుండానే రోజూ వచ్చి నిలబడేవాడు."