ఆంటీని ఆపడమా!

టౌరంగా ఓడరేవు గేటు దగ్గర యంత్రం ఒక్కసారిగా కుయ్యిమంది.

శశిధర్ ఉలిక్కిపడి గేటు వైపు పరుగెత్తాడు.

అణుపదార్థాన్ని దొంగచాటుగా తెస్తే పట్టేసే యంత్రమది. చదువుకోవడానికి ఈ పరాయి దేశం వచ్చి ఇక్కడే కుదురుకున్న శశిధర్, తన బృందంతో కలిసి దాన్ని తయారుచేశాడు. ఇంకో గంటలో ప్రభుత్వ తనిఖీ అధికారి హెలెన్ వస్తుంది. ఆవిడ సరేనంటేనే పరిశోధన సాగుతుంది, లేదంటే దుకాణం కట్టేయడమే. పోయినసారి అరటిపళ్ళ లారీని చూసి కూసిందని ఆవిడ మూతి ముడిచింది కూడా.

గేటులో ఓ పెద్దావిడ నిలబడి ఉంది. తెల్లచీర మీద స్వెట్టరు, చేతిలో సంచి.

"ఏంటి బాబూ, నన్ను చూసి ఇది ఏడుస్తోంది?"

తెలుగు! శశిధర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"మీరు మనవాళ్ళా ఆంటీ?"

"గ్రేసమ్మనయ్యా. మాది ఏలూరు. మా చర్చిలో ఊలు టోపీలు అల్లాం, ఓడల్లో పనిచేసే పిల్లలకి ఇద్దామని వచ్చా."

రూలు ప్రకారం కూత వస్తే ఎవరినైనా ఆపాలి. మీటరు పట్టుకుని ఒళ్ళంతా చూడాలి. అమ్మ వయసున్న మనిషిని చేతులు చాపమనడానికి శశిధర్‌కి నోరు రాలేదు.

"నన్ను చెక్ చెయ్యవా మరి?" అందావిడే.

"భలేవారే! మిమ్మల్ని చెక్ చెయ్యడమేంటండీ? దీనికే తిక్క."

"చేస్తే నేనేమీ అనుకోన్లే బాబూ."

"అబ్బే, మీరు పదండి ఆంటీ."

ఆవిడ ఎందుకో నిట్టూర్చింది. ఓ టోపీ అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

శశిధర్ టోపీ నెత్తిన పెట్టుకుని, ఈల వేసుకుంటూ యంత్రం జోరు తగ్గించేశాడు. ఇక కూస్తే ఒట్టు.

హెలెన్ రానే వచ్చింది.

"ఇవాళ ఏమైనా కూసిందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఒక్కసారే మేడం. అదీ ఉత్తుత్తి కూత. మా తెలుగు ఆంటీ ఒకావిడ వస్తే మొదలెట్టింది. పంపించేసి సెట్టింగ్ తగ్గించా, ఇక నోరెత్తదు."

హెలెన్ పొట్ట పట్టుకుని నవ్వింది.

"యంత్రం పాసయింది. ఇంకో రెండేళ్ళు ఇస్తున్నా. గేటు దగ్గర మాత్రం వేరే మనిషిని పెట్టండి."

"అదేంటి మేడం, నేనేం చేశాను?"

"నిన్న ఆస్పత్రిలో ఆవిడకి గుండె స్కాన్ కోసం ఎక్కించిన రేడియేషన్ మందు ఇంకా ఒంట్లో ఉండగానే, మీరు ఆపుతారో లేదో చూడటానికి మేం పంపిన పరీక్ష ఆ ఆంటీయే!"