నోటికి సరిపోయిన మాట

2041 జూలై తొమ్మిదిన పొద్దున్నే దిబ్బరొట్టె, బెల్లంపాకం తిన్నాం. ఆఫీసుకు వేళైందంటూ స్కూటరెక్కిన నా భార్య సుగుణ మరి తిరిగి రాలేదు. రెండేళ్లకు మైథిలిని దత్తత తెచ్చుకున్నాను. అప్పటికి దానికి ఆరేళ్లు.

ఇప్పుడు ప్రతి పేటలోనూ కాలపు గది ఉంది. ఎవరైనా జన్మలో ఒక్కసారి గతంలోకి వెళ్లి ఒక్క మాట చెప్పి రావచ్చు. నా వంతు రేపు. "ఈపూట స్కూటర్ తియ్యకు" అంటే చాలు, సుగుణ బతుకుతుంది. మైథిలి మాత్రం నా కూతురు కాకుండా పోతుంది. ఆ సంగతి దానికీ తెలుసు. వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మేం జపాను యానిమే బొమ్మల సినిమాలను తెలుగులోకి డబ్బింగ్ చేస్తాం. మాటలు నావి, గొంతు మైథిలిది. ఈ సాయంత్రం వచ్చిన సీనులో ఒక తండ్రి, చనిపోయిన భార్య కోసం గతంలోకి బయల్దేరతాడు. అప్పుడు కూతురి నోరు ఐదుసార్లు తెరుచుకుంటుంది. ఆ ఐదింటికీ సరిపోయేలా "వెళ్లిరా నాన్నా" అని రాశాను.

మైథిలి మైకులో "వెళ్లొద్దు నాన్నా" అంది.

"కథ మారిపోతుందమ్మా."

"నోరు మాత్రం సరిగ్గా కలిసింది, చూసుకో," అని నవ్వబోయి ఆగిపోయింది. తర్వాత రాసింది రాసినట్టే ఒక్క టేకులో చెప్పేసింది. గొంతు వణకలేదు. అదే నేను తట్టుకోలేకపోయాను.

మైథిలి ఎదుటే కాలపు గదికి ఫోన్ చేశాను. "నా వంతు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. లేదండీ, తర్వాత కూడా రాను."

"అమ్మ ఏమనుకుంటుంది?" అంది మైథిలి.

"నన్ను తిడుతుంది. నిన్ను మాత్రం ఏమీ అనదు."

మైథిలి హెడ్‌ఫోన్లు కొక్కేనికి తగిలించి, లైటార్పి, ఈ రాత్రికి రికార్డింగ్ గది తలుపు చప్పుడు కాకుండా మూసింది.