ముప్పేట మోకు

"మళ్ళీ విప్పు," అన్నాడు తాళ్ళ తాత.

తాడు అవతలి కొసన, పేనే చక్రం పిడి పట్టుకుని నిలబడ్డ ఆయన భార్యకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుటినుంచి విప్పడం ఇది మూడోసారి. భుజాలు రెండూ తనవి కానట్టున్నాయి.

"నీకేమైనా మతి పోయిందా? నిన్న సాయంత్రమే పూర్తయిన మోకు! బావి లోతు చూసొస్తానని పొద్దున వెళ్ళావు, వచ్చీరాగానే విప్పుకుని కూర్చున్నావు. ఇప్పుడేం మునిగిపోయిందని?"

"నారలో పొట్టి పోచలు కలిశాయే. బరువు పడితే జారతాయి."

"ముప్ఫై ఏళ్ళుగా కలుస్తూనే ఉన్నాయిగా!"

తాత జనుము నార ఒళ్ళో వేసుకుని పొడుగాటి పోచలు మాత్రమే ఏరుతున్నాడు. చుట్టుపక్కల రైతులంతా జనుము పూతకు రాగానే దున్ని మట్టిలో కలిపేస్తారు, నేలకు బలమని. ఈయనొక్కడే దాన్ని కోసి, నీళ్ళలో నానబెట్టి, నార తీసి, ఇంకా తాళ్ళు పేనుతున్నాడు. మోకు కావాలని ఏడాదికొకడు వస్తే గొప్ప. వచ్చిన ఆ ఒక్కణ్ణీ ఈ చాదస్తంతో పోగొట్టుకుంటాడని ఆవిడ బెంగ.

మధ్యాహ్నం దాటాక బావి పూడిక తీయించే మేస్త్రీ రానే వచ్చాడు.

"ఇంకా కాలేదా పెద్దాయనా? రేపు పొద్దున్నే మనిషి దిగాలి. నీవల్ల కాకపోతే చెప్పు, బజార్లో నైలాను తాడు తెచ్చుకుంటా."

"తడిచేతికి నైలాను పట్టు దొరకదు. పొద్దుగూకేలోగా ఇస్తాను."

"నిన్నటి మోకే బ్రహ్మాండంగా ఉందయ్యా! అయినా తాడు తెగితే పడేది నా మనిషి. నాకు లేని భయం నీకెందుకు?"

తాత తలెత్తి చూసిన చూపుకి మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు. సాయంత్రం వస్తానని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆవిడ మళ్ళీ చక్రం అందుకుంది. కూతురు ఇంట్లో ఉంటే ఈ చాకిరీ కాస్త తప్పేది. ఆ మాట పైకి అందా, ఇల్లు పీకి పందిరేస్తాడు. రెండేళ్ళ కిందట పిల్ల చెప్పకుండా పెళ్ళి చేసుకుని, దీవించమని వస్తే గుమ్మం ఎక్కనివ్వకుండా తరిమేసిన మనిషి. ఆ రోజునుంచి పిల్ల ఊసే ఎత్తనివ్వడు. ఇంత మొండిఘటంతో ఎలా వేగానురా దేవుడా అనుకుంటూ ఆవిడ చక్రం తిప్పింది.

మూడు పేటలూ బిగిశాయి. తాత మోకును దూలానికి కట్టి, రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని వేలాడాడు.

"అయ్యయ్యో! ఈ వయసులో నడుం విరిగితే నిన్నెవరు చూస్తారయ్యా?"

"ఆగుతుంది," అన్నాడు తాత రొప్పుతూ. "ఇక ఆగుతుంది."

మేస్త్రీ వచ్చి మోకు భుజాన వేసుకుని వెళ్ళాక, ఆవిడ గోడకు ఆనుకుని కూలబడింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగల్లేదు.

"నా రెక్కలు విరిగాయి. నీ వేళ్ళు చూడు, నెత్తురోడుతున్నాయి. ఇంతకీ నీకేమొచ్చిందయ్యా ఇవాళ?"

తాత నేలమీది నార తుంపులన్నీ ఊడ్చి ఒక మూలకు చేర్చాడు. చీపురు పక్కన పెట్టి, ఆవిడకేసి చూడకుండానే అన్నాడు.

"బావిలో దిగేది మన అల్లుడే."