టవాలు కింద చెయ్యి

“భాష రాకుంటే ఏమిప్పుడు? ఆడ గూడా మన మాదిరే టవాలు కింద వేళ్లు పట్టుకొనే బేరం చేస్తాండారు!” ఇథియోపియా పశువుల సంత వీడియో చూస్తూ ఎద్దుల దళారి తిప్పయ్య మురిసిపోయాడు.

వచ్చే నెల ఆఫీసు పని మీద అక్కడికి వెళ్తూ, ఆయన్నీ తీసుకెళ్లబోతున్న కూతురు సరళ నవ్వింది. “అయితే నాతో ఒక బేరం చెయ్యి నాయనా.”

ఆయన ఇద్దరి చేతుల మీదా టవాలు కప్పాడు. ముప్పై వేలకు గుర్తుగా సరళ ఆయన మూడు వేళ్లు పట్టుకుంది.

“ఊ, ధర చెప్పమ్మా.”

సరళ గట్టిగా నొక్కింది. ఆయన ముఖంలో చలనం లేదు. ఈసారి గోరు దిగేలా నొక్కింది.

“యాడుండాది నీ చెయ్యి? సంతలో సిగ్గుపడితే ఎట్లమ్మా, పట్టుకో!”

ఆ వేళ్లు సరళ చేతిలోనే ఉన్నాయి. ఎలా వదలాలో ఆమెకు తెలియలేదు.